మా చిన్నమ్మ జారిపడలేదు

పోయిన నెల ఒక మధ్యాహ్నం చిన్నాయన ఫోన్ చేశాడు. "పాపా, మీ చిన్నమ్మ ఇడిసిపెట్టి పాయ" అని ఫోన్ పక్కన పెట్టేశాడు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, కాసేపు ఒరుగుతానని మంచమెక్కిన మనిషి మళ్లీ లేవలేదట. మరునాడు పేపర్లో జిల్లా పేజీ మూలన చిన్న వార్త వచ్చింది. గతంలో రైలు నుంచి జారిపడి కాలు పోగొట్టుకున్న మహిళ మృతి చెందిందని రాశారు.

అది చదివాక నా ఏడుపు ఆగిపోయింది, కోపమొచ్చింది. పాచి పట్టిన బండ మీద కాలేసినవాళ్లు జారిపడతారు. మా చిన్నమ్మ జారిపడలేదు. ఆ ఒక్క మాటను సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

ఆమె మా అమ్మకు ఒక్కతే చెల్లెలు. శింగనమల దగ్గర ఆమెకు, చిన్నాయనకు కొంచెం మెట్ట పొలం ఉండేది. వరుసగా వానలు పడక, వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాని కాలంలో చిన్నాయన సెంట్రింగ్ పని వెతుక్కుంటూ ఒక మహానగరానికి పోయాడు. చిన్నమ్మ వెంట పోయింది. రేకుల గది దొరికింది నగరం చివర, వంటపని దొరికింది నగరం నడిబొడ్డున. రెంటినీ కలిపేది లోకల్ రైలు.

డిగ్రీ చదివేటప్పుడు సెలవుల్లో నేను అక్కడికి పోయి, ఆమెతో పాటు ఆ రైలెక్కాను. ఎక్కానంటే అబద్ధం, ఎక్కించబడ్డాను. చిన్నమ్మ కొంగు నడుముకు బిగించి, నా మణికట్టు పట్టుకుని, "కాళ్లు నేల మీద పెట్టేకి సూడు, మిగతాది జనం సూసుకుంటారు" అని చెప్పింది. ఆడవాళ్ల పెట్టెలో పైన పిడులు వేలాడుతున్నాయి, ఒక్కో పిడికి మూడు చేతులు. గుమ్మం మధ్యలో నిలువుగా ఒక ఇనుప కమ్మీ. తలుపులు ఉండీ లేనట్టే, ఎప్పుడూ తెరిచే ఉంటాయి. గుమ్మంలో నిలబడిన ఆడపిల్లల జడలు బయటి గాలికి కొట్టుకుంటున్నాయి.

అయినా ఆ పెట్టె అంటే ఆమెకు ప్రాణం. అందులోనే చిక్కుడుకాయలు ఈనెలు తీసుకునేది, అందులోనే నాలుగు భాషల్లో తిట్టడం నేర్చుకుంది. దసరా ముందు ఆడవాళ్లంతా కలిసి పెట్టెకు బంతిపూల దండలు కట్టి, కుంకుమ పెట్టి, పొద్దున్నే మిఠాయి పంచుకునేవాళ్లు. ఆమె మన పక్క నుంచి తెప్పించుకున్న బొరుగులు పంచేది. "మా డబ్బా" అనేది, మా ఇల్లు అన్నట్టు.

తర్వాత ఆ నగరానికి ఏసీ బండ్లు వచ్చాయి. వాటి తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. రావద్దని ఎవరంటారు? కానీ ఆమె రోజూ ఎక్కే మామూలు బండిని తీసేసి, ఆ వేళకు ఏసీ బండి వేశారు. రైళ్ల సంఖ్య తగ్గలేదని అధికారులు చెప్పారట. నిజమే, తగ్గలేదు. ఆమెలాంటివాళ్లు టికెట్ కొని ఎక్కగలిగినవి తగ్గాయి. కిక్కిరిసిన ప్లాట్‌ఫారం ముందు ఆ బండి ఖాళీ సీట్లతో ఆగి, తలుపులు మూసుకుని వెళ్లిపోయేది. వెనక వచ్చే మామూలు బండిలోకి రెండు బండ్ల జనం ఎక్కేవాళ్లు.

ఆ పొద్దున అలాగే ఎక్కింది. లోపలికి పోవడానికి ఇంత సందు కూడా దొరకలేదు, గుమ్మంలోని కమ్మీ మాత్రం చేతికి అందింది. పట్టాలు వంపు తిరిగే చోట జనమంతా ఒక్కసారిగా గుమ్మం వైపు ఒరిగారు. అంతమంది బరువుకు ఆమె పట్టు వదిలిపోయింది. పెట్టెలో ఆడవాళ్లు గొలుసు లాగి బండి ఆపారు. ఇద్దరు దిగి చున్నీలతో కాలు కట్టి, ఆసుపత్రి దాకా తోడు పోయారు. వాళ్ల పేర్లు ఆమెకు చివరిదాకా తెలియలేదు. ఎడమకాలు మోకాలి కింద తీసేశారు.

పరిహారం విచారణలో రైల్వే తరఫు లాయరు అడిగిన మొదటి ప్రశ్న, గుమ్మంలో ఎందుకు నిలబడ్డావని. చిన్నమ్మ ఏం చెప్పిందో చిన్నాయన నాకు ఎన్నోసార్లు చెప్పాడు.

"నేను నిలబడలేదు సార్, జనం నన్ను ఆడ నిలబెట్టినారు. ఆ డబ్బాలో నేను నిలబడేకి ఇంకో తావు యాడుండాదో మీరే సూపిండు."

జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ప్రయాణికులదేనని లాయరు వాదించాడట. ఏసీ బండికి మూసుకునే తలుపు మా బండికి ఎందుకు లేదని ఆమె అడిగింది. తలుపు మూస్తే లోపల గాలాడక జనం ఇబ్బంది పడతారన్నారు. గాలాడకుండా కుక్కింది ఎవరని అడగబోతే కూర్చోమన్నారు. చాలాకాలానికి తీర్పు ఆమె వైపే వచ్చింది. నేను సంతోషంగా ఫోన్ చేస్తే, "గెల్సినామంట పాపా. ఒక్కరన్నా తప్పయిందని అన్లేదు" అంది. ఇప్పటికీ ఎవరూ అనలేదు.

ఊరికి తిరిగొచ్చి, కృత్రిమ కాలుతో నడక నేర్చుకుని, రోడ్డు పక్కన ఆటోలు ఆగే చోట టీ, బోండాల అంగడి పెట్టుకుంది. పొద్దున్నే కూలి ఆడవాళ్లను చీనీతోటలకు, అదే బత్తాయి తోటలకు, తీసుకుపోయే ఆటోలు అక్కడి నుంచే కదులుతాయి. సీట్లో, సీటు వెనక, డ్రైవర్‌కు రెండు పక్కలా మనుషులే. వెనక కమ్మీ పట్టుకుని వేలాడే ఆడవాళ్లు. చిన్నమ్మ కొన్నాళ్లు చూసింది. ఒకరోజు పొయ్యి ఆర్పేసి, చేతికర్ర ఊతంగా వచ్చి ఆటో ముందు చక్రం దగ్గర కూర్చుంది.

డ్రైవర్ దిగి, "ఏమక్కా, నా పొట్ట కొట్టేకి కూసున్నావా?" అన్నాడు.

"నీ పొట్ట నాకెందుకప్పా. వెనక యాలాడేవాళ్లని దించు, నేను లేస్తా."

అసలు గొడవ ఆటోలోని ఆడవాళ్లతో వచ్చింది. నీకేం, నీడపట్టున అంగట్లో కూర్చుంటావు, ఈ పొద్దు మేం పోకుంటే పొయ్యి ఎట్ల వెలగాలని తిట్టారు. ఆ తిట్లు న్యాయమైనవేనని ఆమె నాతో ఒప్పుకుంది. మరునాడు బస్సు కోసం డిపోకు పోయింది. ఆ రూట్లో ఆదాయం రాదన్నారు. మళ్లీ పోయింది, మళ్లీ అదే మాట. "ఆడ బండ్లుండి మాకు లేవు. ఈడ బండే లేదు" అని తిరిగొచ్చి, తోటల రైతుల ఇళ్లకు నడిచింది. సగం మందికి పని కాస్త ఆలస్యంగా మొదలైతే ఒకే ఆటో రెండు ట్రిప్పులు వేయగలదని చెప్పింది. ఒకరు వినలేదు, ఒకరు కుక్కను వదిలారు. వినేదాకా తిరిగింది. చివరికి రెండు ట్రిప్పులు అలవాటయ్యాయి. ఆ డ్రైవరే మొదటి టీ ఆమె అంగట్లో తాగేవాడు.

పోయినేడు టీవీలో ఆ నగరం రైళ్ల గురించి వార్త వచ్చింది. మామూలు బండ్లకు కూడా మూసుకునే తలుపులు పెడతారట, గాలి కోసం తలుపుల్లోనే సందులుంచుతారట. నేను పక్కనే ఉన్నాను. ఆమె మొహం వెలుగుతుందనుకున్నాను. ఆమె మాత్రం, "అంటే ముందుగాల కూడా పెట్టి ఉండొచ్చు" అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. ఆ మాటకు జవాబు చెప్పగల కుర్చీల్లో ఎవరున్నారో నాకు తెలియదు. ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న చేరాలని మాత్రం ఉంది.

ఆమె పోయిన కబురు తోటలకు చేరేసరికి ఆడవాళ్లు చీనీకాయలు కోస్తున్నారు. కోత ఆపి రోడ్డు మీదికొచ్చారు. ఉన్నది ఒక్కటే ఆటో. ఈ ఒక్క పూటకు అందరూ ఎక్కండక్కా, మెల్లగా పోనిస్తానని డ్రైవర్ బతిమాలాడట. వాళ్లలో పెద్దామె, "ఆయమ్మ సావుకు కుక్కుకోని పోతామా?" అని నడవడం మొదలుపెట్టిందట.

ఇంటి దగ్గర పెద్దలు పొద్దు వాలుతోందని తొందర చేస్తుంటే, ఆడవాళ్లు వచ్చేదాకా ఎత్తొద్దని చిన్నాయన పాడె పక్కనే కూర్చున్నాడు. ఎంత అభిమానమో చూడమని నా పక్కన ఎవరో అన్నారు. నాకు అభిమానం కన్నా ముందు రాని బస్సు కనిపించింది. తోటలో ఎండంతా మోసినవాళ్లు ఒక చావుకు రావడానికి ఇంత దూరం ఎందుకు నడవాలి?

అంతలో వాళ్లు మలుపులో కనిపించారు. చీరల మీద మగవాళ్ల చొక్కాలు, తలకు తువ్వాళ్లు, చేతుల్లో సద్దిగిన్నెలు, రోడ్డు వారగా పొడవాటి వరుస. వాళ్ల వెనక ఆటో. లోపల కాళ్లు చాపుకుని ఇద్దరంటే ఇద్దరు ముసలివాళ్లు కూర్చున్నారు. ముందున్నవాళ్ల నడకను దాటకుండా అది మెల్లగా వస్తోంది.