వెర్లన్ రుచి చూసిన డబ్బా

నార్త్ కరొలైనాలో పందుల్ని నిప్పుల మీద కాల్చి అమ్మే వెర్లన్ టిస్‌డేల్ వారానికో పందిని ఒక్కడే తినేసేవాడు. సరే, తలా తోకా వదిలేసేవాడనుకోండి. ఆయన దృష్టిలో అది తినడం కాదు, రుచి చూడడం. కాల్చిన మాంసాన్ని కత్తితో సన్నగా కొట్టి, వెనిగరూ మిరపపొడీ కలిపాక ఉప్పు సరిపోయిందో లేదో చేత్తో తీసుకుని చూడాల్సిందే. రక్తపోటుంది, ఉప్పు తగ్గించమని డాక్టరు చెప్పినా ఆ అలవాటు మానలేదు.

ఆ మాంసాన్ని డబ్బాల్లో పెట్టి అమ్మాలంటే పోషకాల చీటీ అంటించాలన్నారు అధికారులు. పరీక్షకు పంపితే చీటీ వచ్చింది. భార్య ఒడెల్లా కళ్ళద్దాలు పెట్టుకుని చదివింది.

"ప్రొటీన్ బాగానే ఉంది. ఒక్కో డబ్బా ఐదుగురికట. ఏమయ్యా, ఇందాక ఇక్కడున్న డబ్బా ఏదీ?"

"రుచి చూశానే!"

"ఐదుగురి రుచీ నువ్వే చూశావా? డాక్టరు చెప్పిన లెక్కన రెండు రోజుల ఉప్పు పొద్దున్నే మింగేశావు! రేపట్నుంచి కాల్చడం నీ పని, రుచి చూడడం నా పని."

వెర్లన్ ముఖం వాడిపోయింది. "నలభై ఏళ్ళుగా ఈ నాలుకే కదే మనకి పేరు తెచ్చింది!"

ఒడెల్లా మెత్తబడింది. "సరే, ఒక్క చిటికెడు. అదీ నా కళ్ళ ముందు."

వెర్లన్ చిటికెకు ఐదు వేళ్ళూ అరచెయ్యీ కావాల్సి వచ్చాయి.

ఆదివారం చర్చిలో పాస్టరు గారు నవ్వుతూ, వారానికో పందిని ఒక్కడివే తినేస్తావట నిజమేనా అని అడిగారు. వెర్లన్ గడ్డానికంటిన మిరపపొడి తుడుచుకున్నాడు.

"అంతా కట్టుకథండీ. నేనసలు పంది మాంసమే ముట్టను."