దండెం కట్టెకు చిగురు

చాయ్ తాగుకుంటనే వినుండ్రి, కానీ నవ్వి మీద పోసుకోకుండ్రి. మొన్న ఐతారం నాడు మా చెల్క గట్టు మీద నేను చేసిన పని చూసి మా బామ్మర్ది నేల మీద కూలబడి నవ్విండు. నాకైతే ఏడుపొక్కటే తక్కువ. బర్రె పోతదా ఉంటదా అని నా ఫికర్ నాది!

సంగతేందంటే, మా ఊరి మేత భూమంతా బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ కింద పోయింది. ఇగ పసులను ఏడ మేపాలె? మా ఇంట్ల ఉన్నది ఒక్కటే బర్రె, లచ్చి. అదీ సూడిది. గడ్డివామి చూస్తే అడుగంటుతున్నది. మా ఇంటామె సరోజన ఒకనాడు తెగేసి చెప్పింది.

"మా తమ్మునికి ఫోన్ చేసిన. వాళ్ల ఊర్ల మేత మస్తున్నదట. వానలు ముదరక ముందే వచ్చి లచ్చిని తోల్కపోతడు."

లచ్చి లేని ఇల్లా! డ్యూటీ దిగి ఇంటికొచ్చినంక నేను ముందుగాల మాట్లాడేది లచ్చితోనే. సరోజనతోని తర్వాత. ఈ మాట ఆమె చెవుల వెయ్యకుండ్రి!

గప్పుడే ఊర్లకు వ్యవసాయం ఆఫీసాయన వచ్చి మీటింగ్ పెట్టిండు. చెల్క గట్టు పొంటి గ్లిరిసిడియా కట్టెలు నాటుమన్నడు. కొమ్మ కొట్టినకొద్ది ఆకొస్తదట. ఆకు పసులకు మేత, రాలింది భూమికి ఎరువు, వానకు గట్టు కోసుకపోదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఉరికొచ్చి సరోజనకు చెప్పిన.

"ఆ కట్టెలు చిగురు పెడ్తే లచ్చి ఈడనే ఉండాలె."

"పెట్టకపోతే?"

"మీ తమ్ముడు తోల్కపోనీ!"

నోరు ఊకుంటదా మరి!

"అసలు నాటుడు నీకు వస్తదా?" అన్నది.

"ఏందే గట్లంటవ్? బాయిల నా డ్యూటీ ఏంది? కప్పు కూలకుండ కట్టెలు నిలబెట్టుడు. బొగ్గుబాయి కప్పునే ఆపినోనికి గట్టు మీద పుల్లలొక లెక్కనా?"

తొలకరి పడంగనే కట్టెలు తెచ్చిన. తాడు గుంజి లైన్ కొట్టిన. గుంత గుంతకు కట్టె దించి, చుట్టూ మట్టి దట్టించి, మడిమెతోని తొక్కి, ఊపి చూసిన. ఒక్కటి కదిలితే ఒట్టు! చివరికి ఒక కట్టె మిగిలింది. సరోజన దాన్ని వాకిట్ల వంకర టింకర పాతి దండెం కట్టింది. "గిట్లనా పాతేది?" అని నవ్విన కూడ. అప్పుడు నవ్వింది నేనే, యాది పెట్టుకోండ్రి.

ఇగ మొదలైంది నా తిప్పలు. వానలు పడ్తున్నయ్. పక్కపొంటి గడ్డి మొలుస్తున్నది, పిచ్చిచెట్లు మొలుస్తున్నయ్. నా కట్టెలు మాత్రం కదలవు, మెదలవు. షిఫ్టు దిగంగనే సైకిల్ సీదా చెల్కకే. బాయిల కప్పు గట్టిగున్నదో లేదో కర్రతోని కొట్టి చప్పుడు వింటం కదా? గట్లనే ఒక్కొక్క కట్టెను కొట్టి చెవి పెట్టి విన్న. ఏమి వినాలె? కట్టె చప్పుడే! పేడ నీళ్లు పోసిన. దండం కూడ పెట్టిన.

"వచ్చిందా చిగురు?" అని సరోజన అడుగుతది.

"ముందుగాల ఏర్లు పెడ్తదే. ఆకు తర్వాత."

చెప్పుడైతే చెప్తున్న గని, బువ్వ లోపటికి పోతలేదు. లచ్చి దిక్కు చూడబుద్ధి కాకపోయేది. అదేమో నా చెయ్యి నాకుతది. దానికేం ఎరుక!

శనివారం బామ్మర్ది ఫోన్. "రేపు పొద్దుగాల ట్రాలీ తీస్కొని వస్తున్న అక్కా."

ఐతారం తెల్లారింది. ఆరిన అంగీ తీసుకుందామని దండెం మీద చెయ్యి వేసిన. వేలికి మెత్తగ ఏందో తాకింది. చూస్తే చిగురు! పచ్చగ, గుత్తి గుత్తులు. సరోజన వంకరగ పాతిన కట్టెకు! నేను మురిపెంగ పెట్టినయ్ ఎండుతుంటే, అంగీలు ఆరేసుకునేది చిగురు పెట్టుడేంది?

వంగి పట్టి పట్టి చూసిన. లావు కొన భూమిల ఉన్నది. సన్న కొన పైకున్నది. గట్టు మీద నేను పెట్టింది యాదికొచ్చింది.

బాయిల మేం ఎట్ల పెడ్తం? లావు కొన కప్పుకు, సన్న కొన కిందికి. బరువు పడ్తే కింది సన్న కొన నలిగి ముందే ఖబర్ ఇస్తది. ఇన్నేండ్ల అలవాటు! మెదడును అడగకుండనే చెయ్యి గట్లనే పెట్టింది. గట్టు పొడుగూత కట్టెలన్నీ తలకిందులు!

సైకిలెక్కి ఉరికిన. బామ్మర్ది వచ్చేలోపట తిప్పి పెట్టాలె. ఒకటి పీకిన, తిప్పిన, తొక్కిన. ఇంకోటి పీకిన. చెమటలు కారుతున్నయ్. వెనకనుంచి బామ్మర్ది గొంతు.

"ఏం చేస్తున్నవ్ బావా?"

"ఏం లేదు... ఏర్లు చూస్తున్న."

వాని పక్కన సరోజన. వాడు నా చేతుల కట్టెను చూసిండు, గట్టు దిక్కు చూసిండు, కూలబడి నవ్విండు. సరోజన నవ్వలే. ఎండిన కట్టెను చేతులకు తీస్కొని, "లచ్చి ఈడనే ఈనుతదనుకున్న" అన్నది మెల్లగ. ఆమె కూడ నా లెక్కనే రోజూ చిగురు కోసం చూసిందని అప్పుడు ఎరుకైంది. నా కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

బామ్మర్ది నవ్వు ఆపి లేచిండు. "లచ్చి ఎక్కడికి పోదు అక్కా. మీ వాకిట్ల చూసే వచ్చిన, దండెం కట్టె చిగురు పెట్టిందంటే ఈ మట్టిల దమ్మున్నది. ట్రాలీల చొప్ప పంపుత, ఆకు వచ్చేదాక నడుస్తది. కొత్త కట్టెలు కూడ తెస్త. కానీ ఒక్క షరతు. బావను మాత్రం చెల్క కాడికి రానియ్యకు!"

కొత్త కట్టెలన్నీ సరోజననే నాటింది. నేను పక్కన నిలబడి, "లావు కొన కిందికి, లావు కొన కిందికి" అని పాఠం చదివిన. ఆమె చదివించింది.

లచ్చి పోలేదన్న ఖుషీల నిన్న ఫస్ట్ షిఫ్టుకు పోయిన. బాయిల దిగి కట్టె నిలబెట్టిన. వెనకనుంచి మా పని చూసే సర్దార్ కేక.

"ఏందిరా గది? లావు కొన కిందికి పెట్టినవ్! కప్పును ఆపుతవా, చిగురు పెట్టిస్తవా?"