చెడ్డ ముహూర్తానికి పెద్ద టీవీ

మీరెప్పుడైనా కావాలని, వెతికి మరీ, ఒక చెడ్డ ముహూర్తం పెట్టుకున్నారా? మంచి ముహూర్తం సంగతి నేనడగడం లేదు. అది అందరూ పెట్టుకునేదే, పెట్టుకుని పెళ్ళయిన మర్నాటి నుంచి కొట్టుకునేదే. నేనడిగేది అసలు సిసలు చెడ్డది. నేను పెట్టుకున్నాను. దాని ఫలితంగా ఒక ఆదివారం సాయంత్రం నూరుమంది ఎదుట, యాభై అయిదు అంగుళాల తెరమీద నా పరువు పోయింది. పాతకాలపు టీవీ అయితే కొంచెం మసకగా పోయేది. ఇది కొత్త రకం. చుక్క చుక్కా లెక్కపెట్టుకోవచ్చు.

మా ఊరు బోడినాయకనూరు వెళ్ళే బస్సు దారిలో ఉంది. మా తాతముత్తాతలు ఏ కాలంలోనో ఈ తమిళసీమకు వచ్చి స్థిరపడ్డారు. ఇంట్లో తెలుగు మాట్లాడతాం, బడిలో తమిళం చదువుతాం, బ్యాంకులో ఇంగ్లీషులో సంతకం పెడతాం. తెలుగులో బేరమాడగలం, ఏడవగలం, ఎదుటివాడి ఏడుతరాలనూ తిట్టగలం. చదవడం ఒక్కటే రాదు. నేను మాత్రం పెద్దయ్యాక పంతం పట్టి అక్షరాలు నేర్చుకున్నాను. నేర్చుకున్నవాడు ఊరుకోడు కదా, ఊరందరికీ నేర్పాలని బయలుదేరాను.

మావాళ్ళ కల్యాణ మండపం ఒకటుంది. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో దానికి తాళం. తాళంచెవి సంఘం పెద్ద వెంకటసామి మామ మొలలో. మామకు నూలు మిల్లు ఉంది, డెబ్బై ఏళ్ళున్నాయి, ఆమధ్యే మండపానికి కొనిచ్చిన పెద్ద టీవీ ఉంది. "ఫోర్ కే అంట అల్లుడా. చీమ కన్ను కొట్టినా తెలస్తాదంట," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. అందులో పాత పెళ్ళి వీడియోలు తప్ప చీమలెవరూ కనబడలేదు.

నేను వెళ్ళి అడిగాను. సాయంత్రాలు మండపం తెరవండి, నా కంప్యూటరును ఈ టీవీకి కలిపి అక్షరాలు తలుపంత పెద్దగా చూపిస్తాను, కళ్ళు ఆనని ముసలివాళ్ళు కూడా నేర్చుకుంటారు అన్నాను.

"ఎవురెవురు వస్తారు?" అన్నాడు మామ.

"అందరూ. మనవాళ్ళూ, కాలనీవాళ్ళూ. లోపల కుర్చీల్లో కూర్చుని."

మామ వసారా వైపు చూశాడు. ఊరి చివర కాలనీలో ఉండేవాళ్ళదీ మా తెలుగే. మా పొలాల్లో పనికని మా వెంటే వచ్చినవాళ్ళు. కొందరు గుడికి వెళ్తారు, కొందరు చర్చికి. మండపానికి వస్తే మాత్రం అందరూ వసారాలోనే నిలబడతారు. లోపలికి వద్దని ఎవరూ అనరు, రమ్మనీ ఎవరూ అనరు. ఎక్కడైనా రాసిపెట్టిన నియమమైతే చించి పారేసేవాణ్ణి. రాయని నియమాన్ని ఎక్కడని చించను?

చివరికి మామ అన్నాడు: "నా పేరు తెలుగులో ఎట్ల ఉంటాదో నేను చూడనేలేదు అల్లుడా. నీ పెట్టెను దీనికి తగిలించి అందురి ముందర నా పేరు చూపించు. చూపిస్తివా, సంవచ్చరం పాటు తాళంచెవి నీకు, నువ్వు చెప్పినట్లే అందురూ లోపలికి. లేదంటే ఇంగ ఈ మాట నా దగ్గర ఎత్తగూడదు."

బుద్ధి ఉన్నవాడైతే ఏదో ఒక రోజు వెళ్ళి తీగ తగిలించి తాళంచెవి తెచ్చుకుంటాడు. నాకు అప్పట్లో బుద్ధి లేదు, హేతువాదం ఉంది. మదురైలో జోస్యులతో వాదించి వాదించి గొంతు ఇనుములా చేసుకున్నవాణ్ణి. ఒకే దెబ్బకు రెండు పిట్టలు కొడదామనుకున్నాను.

"ఆదివారం నాలుగున్నరకు పెడదాం మామా."

"అది రాగుకాలం గదా. ఆరు దాటినాక పెట్టుకుందాం."

"రాహుకాలం గనకే పెడదామంటున్నాను."

అంతటితో ఆగినా బాగుండేది. మా సీమలో రాహుకాలానికి పెద్దన్న ఒకడున్నాడు. చంద్రాష్టమం. చంద్రుడు మన రాశికి ఎనిమిదో ఇంట కూర్చున్న ఆ రెండుంబావు రోజులూ మావాళ్ళు కొత్త పని మొదలుపెట్టరు, దూరప్రయాణం చెయ్యరు, భార్యతో వాదన కూడా వాయిదా వేస్తారు. సరిగ్గా నా చంద్రాష్టమం ఆదివారం నాడు పడాలని నాకు పట్టుదల పుట్టింది. దానికి ముందు నా రాశి తెలియాలి. జీవితంలో మొదటిసారి అక్క దగ్గరికి వెళ్ళి నా రాశేమిటని అడిగాను. వృశ్చికమట. ఇక మూడు సాయంత్రాలు కంప్యూటరు ముందు కూర్చుని ఒక తమిళ పంచాంగం పేజీని దువ్వి దువ్వి చూశాను. కూతురి పెళ్ళికి రోజు చూసే తండ్రి కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు. చెప్పేవి శ్రీరంగ నీతులు, వెతికేవి చంద్రాష్టమాలు.

"ఏం చూస్తా ఉండావురా?" అంది భాగ్యం అక్క.

"చెడ్డరోజు."

"దానికి పంచాంగం ఏంటికి? నువ్వు పుట్టిన రోజు చాలదా?"

ఆ ఆదివారం రానే వచ్చింది. కంప్యూటరు డబ్బాను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా నిండుచూలాలిని పట్టుకున్నట్టు పట్టుకుని మండపానికి చేరాను. లోపల కుర్చీలు నిండాయి. ముందు వరసలో మామ, పక్కన అక్క. వసారాలో కాలనీవాళ్ళు ముప్ఫైమంది. గుమ్మం దగ్గర కాలనీ మేరీ. మా వీధులకు కేబుల్ టీవీ కలిపేది ఆవిడే. నిచ్చెన వేసి స్తంభాలెక్కుతుంది, తీగలు లాగుతుంది. మా ఊళ్ళో ఏ టీవీ ముఖం ఎలా ఉంటుందో ఇంటివాళ్ళకు తెలుసు, వీపు ఎలా ఉంటుందో మేరీకి తెలుసు.

"మేరీ, లోపలికి వచ్చి కూర్చో."

"ఉండనీండి సామీ. ఇక్కడే బాగుండాది."

"సామి అనవద్దని చెప్పానా?"

"సరి సామీ... అన్నా."

నేను గొంతు సవరించుకుని, మనిషికీ మనిషికీ మధ్య గడప ఎవడు కట్టాడని పదినిమిషాలు ఉపన్యసించాను. బాగానే ఉపన్యసించాను, ఆ మాట ఇప్పుడూ వెనక్కి తీసుకోను. తర్వాత సరిగ్గా నాలుగున్నరకు తీగ ఒక కొసను టీవీకీ రెండో కొసను కంప్యూటరు వీపుకూ తగిలించి, మీట నొక్కి, చేతులు కట్టుకుని నిలబడ్డాను.

సిగ్నల్ లేదు.

ఆ రెండు మాటలూ ఒక నీలం పెట్టెలో, మందలోంచి తప్పిపోయిన మేకపిల్లలా, తెరమీద ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతున్నాయి. టీవీ వెనక మూడు బొక్కలున్నాయి. తీగను మొదటిదాంట్లోంచి పెరికి రెండోదాంట్లో పెట్టాను, అక్కణ్ణుంచీ పెరికి మూడోదాంట్లో పెట్టాను. రిమోటులో కనబడ్డ మీటలన్నీ నొక్కాను. టీవీ ఒకసారి హిందీలోకి వెళ్ళి వచ్చింది. కంప్యూటరును ఆర్పి వెలిగించాను. తీగను ఊది తుడిచాను. కలపలేనివాడికి తీగే వంకర.

"అన్నా," అంది గుమ్మం దగ్గర నుంచి మేరీ, "డబ్బా వెనక ఆ పైబొక్క కాదు. కింద అడ్డంగా ఇంగొకటి ఉండాది, దాంట్లో..."

"ఒక్క నిమిషం ఆగమ్మా. ఇది కేబుల్ టీవీ కాదు, కంప్యూటరు."

మామ కుర్చీలో ముందుకు వంగాడు. "రాగుకాలం అల్లుడా. అప్పుడే చెప్తిని గదా."

"రాహువుకూ తీగకూ ఏం సంబంధం మామా?"

"సంబంధం నాకు తెలవదు. బొమ్మ రాలేదు, అది తెలస్తా ఉండాది."

చూశారా? కంటికి కనబడేదే ప్రమాణమని ఇరవై ఏళ్ళుగా వేదికలెక్కి అరుస్తున్నది నేను. ఆ ప్రమాణాన్ని నా మెడకే చుట్టాడు ముసలాయన. ఆ మాట నేనని ఉంటే హాలు చప్పట్లు కొట్టేది.

"ఇంగో పావుగంట చూస్తా," అన్నాడు మామ, మొలలో తాళంచెవి తడుముకుంటూ. "తరవాత అందురూ ఇండ్లకు పోవాల."

తీగను మళ్ళీ మొదటిదాంట్లో పెట్టాను. మళ్ళీ మీట, మళ్ళీ మేకపిల్ల.

"అన్నా, ఆ కింద బొక్క ఒకసారి..."

"నేను చూసుకుంటానంటున్నాను కదా మేరీ. నువ్వక్కడే నిలబడు."

మేరీ ఒక అడుగు వెనక్కి వేసింది. ముందు వరసలోంచి మా అక్క, చీరకొంగు సర్దుకుంటూ, తీరిగ్గా అంది: "ఏమిరా, రమ్మనిందీ నువ్వే, ఆడే నిలబడమనిందీ నువ్వే. ఏదో ఒకటి చెప్పు, పాపం ఆ పిల్ల కాళ్ళు నొస్తాయి."

పాఠకులారా, నా అసలు తప్పు తీగ విషయంలో చేసినది కాదు. తీగ ఎవరైనా తప్పు పెడతారు. మూడు ఊళ్ళ టీవీలు బాగుచేసిన మనిషి రెండుసార్లు చెబితే, ఒక్కసారి పెట్టి చూద్దామని నాకు తోచలేదు. పరీక్షించి చూడు, తర్వాత నమ్ము అని గోడలమీద రాసినవాణ్ణి నేను. రాయని నియమం ఎక్కడుందని వెతికాను కదా, నా నాలుక కింద ఉంది.

"రా మేరీ," అన్నాను. ఈసారి గొంతులో ఉపన్యాసం లేదు.

ఆవిడ గుమ్మం బయట చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, డబ్బా వెనక గొంతుక్కూర్చుంది. తీగను పైనుంచి లాగి కింద పెట్టింది. అంతే. నీలం పెట్టె మాయమై వెలుగు వచ్చింది.

"బొమ్మకని ఇందులో వేరే కార్డు ఏసి ఉండారన్నా. కార్డు ఏసినాక తీగ దాంట్లోనే పెట్టాల, పైది సుమ్మా, ఊరికే ఉంటాది."

ఆ కార్డు మదురైలో వేయించింది నేనే. వేయించి ఊరంతా చెప్పుకున్నది కూడా నేనే.

బొమ్మ వచ్చింది గానీ అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. అంత పెద్ద తెరను చూసి కంప్యూటరు మురిసిపోయి, ప్రతిదాన్నీ చిన్నది చేసి పెట్టింది. "ఏమీ తెలవలేదే," అన్నాడు మామ. నాలో పోయిన ప్రాణం లేచి వచ్చింది. తెరకు వీపు పెట్టి, జనం వైపు తిరిగి, ఒక చేత్తో అక్షరాలు పెద్దవి చేసే మీట నొక్కుతూ రెండో చెయ్యి ఎత్తాను. "చూడండి. రాహుకాలమూ ఓడింది, చంద్రాష్టమమూ ఓడింది. గ్రహాలను నమ్మినవాడు..."

జనం నా ముఖం చూడటం లేదు. నా తల మీదుగా తెర చూస్తున్నారు. ముందు వరస పెదవులు కదులుతున్నాయి. ఆర్పి వెలిగిస్తే చివర చూసిన పేజీనే మళ్ళీ తెరిచి పెట్టే విశ్వాసం గల కంప్యూటరు నాది. మామ తమిళం చదివి, ఊరంతటికీ వినబడేలా తెలుగులో చెప్పాడు.

"విరుచ్చిగ రాసి. ఈ దినం చంద్రాష్టమం. కొత్త పని మొదలు పెట్టగూడదు. నోరు అదుపులో పెట్టుకోవాల. నలుగురిలో తలవంపు."

మండపం పైకప్పు లేచిపోయేలా నవ్వారు. వసారా కూడా నవ్వింది.

"నేను చూసింది చెడ్డరోజు కోసం," అన్నాను.

"చూస్తివి గదా," అన్నాడు మామ.

గబగబా ఆ పేజీ మూసేశాను. పాఠం తెరిచాను. మామ పేరు కొట్టి, తెర నిండేంత పెద్దది చేశాను. నవ్వు ఆగింది. మామ లేచి టీవీ దగ్గరికి వెళ్ళాడు. "ఇందులో నేను యాడ మొదలైతాను?" అని అడిగాడు. చూపించాను. ఆయన ఆ మొదటి అక్షరం మీద వేలు పెట్టి, వంపు వెంట మెల్లగా తిప్పాడు.

ఈలోగా వసారాలోంచి ఎవరో, తెరమీద ఎండ పడుతోంది, ఏమీ కనపడటం లేదన్నారు. మేరీ నా వైపు చూడలేదు, మామ వైపూ చూడలేదు. "అట్లయితే లోపలికి రాండి, కింద కూర్చోవద్దండి, కుర్చీలుండాయి," అంది. వచ్చారు, కూర్చున్నారు. నా పదినిమిషాల ఉపన్యాసానికి లొంగని గడప, సాయంత్రపు ఎండకు లొంగింది. మామ చూశాడు. మొలలోంచి తాళంచెవి తీసి మేరీ చేతికిచ్చాడు.

"అల్లుడు పాటం చెప్పనీ. తలుపు నువ్వు తెరువు. వాడిని నమ్మితే రోజు చూసి గాని తెరవడు."

కథ ఇక్కడ ఆపితే నాకు కొంత మర్యాద మిగిలేది. కానీ నిజం చెప్పాలి. రాహుకాలంలో, చంద్రాష్టమం నాడు పెట్టిన తరగతి ఈనాటికీ నడుస్తోంది గనక మా ఊరికి ఒక సంగతి స్థిరపడిపోయింది. టీవీకి కంప్యూటరు కలపడానికి చంద్రాష్టమమే దివ్యమైన ముహూర్తమట. మొన్న ఒకాయన కొత్త టీవీ కొని నేరుగా మా ఇంటికొచ్చాడు. "అన్నా, నాది కన్ని రాసి. వచ్చే చంద్రాష్టమం ఎప్పుడో చూసి చెప్తావా? నీ చెయ్యి మంచిదంట." ఒక మూఢనమ్మకాన్ని చంపబోయి, దానికి పిల్లను కని చంకలో పెట్టుకుని తిరుగుతున్నాను.

కనుక, హేతువు సాక్షిగా, ఫోర్ కే స్పష్టతతో ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఈ జన్మలో ఇక మంచిరోజూ చూడను, చెడ్డరోజూ చూడను. రాహువు నన్ను ఓడించలేదు, ఆ ఘనత పూర్తిగా నాదే. దాన్ని ఏ గ్రహానికీ పంచి ఇవ్వను.

మీరిక ఈ పుస్తకం పక్కన పెట్టండి. మీ సభలోనో, మీ ఇంట్లోనో, గుమ్మం దగ్గర నిలబడి మీకు రెండుసార్లు ఏదో చెప్పబోయిన మనిషి ఒకరుంటారు. వెళ్ళి, లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఆ మాట ఏమిటో అడగండి. వేళ చూడకండి. ఇప్పుడే వెళ్ళండి.