పాప మాట్లాడిన ఇల్లు

పొద్దున్నే మా వీధిలో మగ్గానికి పడుగు దారాలు సాగదీసి గంజి పెడుతున్నారు. ఆ పులిసిన వాసన కిటికీలోంచి రాగానే మునెమ్మ గుర్తుకొచ్చింది. ఆమె పోయి పదకొండు నెలలైనా, గుర్తుకు రాగానే కడుపులో అదే పాత మంట. మునెమ్మది మా పక్కిల్లు. తమిళనాడులోని ఈ గుడియాత్తంలో నలభై రెండేళ్ళు లుంగీలు నేసింది. తెలుగు గడగడా మాట్లాడేది కాని ఒక్క అక్షరం చదవలేదు. నేను నేతగాళ్ళ సంఘంలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు రాశాను. ఏ రోజు వాన పడిందో, ఏ రోజు పాలు విరిగాయో నా పుస్తకంలో ఉంటుంది. అలాంటి నాకు ఆమె దగ్గర నేర్చుకోవలసింది ఏముంటుందని చాలాకాలం అనుకున్నాను.

నా కూతురికి వేలూరులో ఉద్యోగం. భర్త పోయాక, పదమూడేళ్ళ భారతిని ఒక జూలైలో, ఆడి నెల మొదట్లో, నా దగ్గర వదిలింది. మొదటి శుక్రవారం నుంచే పాప మాట తగ్గించింది. నేను రాసిపెట్టాను. ఆ తరువాతి తై నెలలో, సంక్రాంతి అయ్యాక, నా కూతురు తనకూ పాపకూ కలిపి ఆరోగ్య బీమా తీసుకుంది. ఆగస్టులో ఆవణి వచ్చేసరికి పాప అన్నం మానేసింది. రాత్రుళ్ళు నిద్ర లేదు, బడి గేటు చూస్తే వణుకు. వేలూరు ఆసుపత్రిలో మానసిక వైద్యానికి పందొమ్మిది రోజులు ఉంచారు. చేర్చుకునేటప్పుడు “ఎప్పటినుంచి ఇలా?” అని అడిగితే నేను పుస్తకం తీసి గర్వంగా చెప్పాను: పోయిన ఏడాది ఆడి, మొదటి శుక్రవారం. వాళ్ళు అదే రాసుకున్నారు.

ఆ తేదీని పట్టుకునే బీమా కంపెనీ డబ్బు ఇవ్వనంది. పాలసీకి ముందునుంచే ఉన్న జబ్బట, మేము దాచిపెట్టామట. పాపకు ఇంకా ఆరు నెలలు వారం వారం చికిత్స జరగాలి. ఉన్న నగలు ఆసుపత్రికే పోయాయి. మళ్ళీ విన్నవించుకోవడానికి పదిహేను రోజుల గడువు. ఆ ఉత్తరం పట్టుకుని అరుగు మీద కూర్చుంటే మునెమ్మ వచ్చింది.

“ఏమక్కా, మొగం అట్ల పెట్టుకోనుండావు? ఎవురు పోయినారు?”

ఉత్తరం చదివి వినిపించాను.

“ఆడి నెల్లో పాప మాట్లాడలేదా? ఎవురు చెప్పింది?”

“నేనే. రాసి ఉంది.”

ఆమె పకపకా నవ్వింది. “అయ్యో సామీ! నా కాడ నోరు మూసిందే లేదే! బడి వదిలితే నేరుగా మా ఇంటికే గదా వచ్చేది. దారం కండెలు చుడతా చుడతా ఒకటే పేచ్చు, ఒకటే మాటలు. వాళ్ళ టీచరు మాదిరి నడిచి చూపించేది. నీ మాదిరి గూడా.”

“నా మాదిరా?”

“కండ్లద్దాలు ముక్కు మీదికి దించి, ‘ఎన్ని ఇడ్లీలు తిన్నావు, రెండా, రెండున్నరా?’ అని. నవ్వు ఆపుకోలేక దారం తెంపేసినా!”

పాప అక్కడికి వెళ్తుందని నాకు తెలుసు. అక్కడా మౌనంగానే ఉంటుందనుకున్నాను. మగ్గం చప్పుడులో గోడ ఇవతలికి ఏమీ వినిపించేది కాదు. వండి పెట్టింది నేను, జడ వేసింది నేను, జ్వరమొస్తే రాత్రంతా కూర్చున్నది నేను. నవ్వులన్నీ ఆమెకు!

“మరి నాతో ఎందుకు మాట్లాడలేదు?” అన్నాను.

“నువ్వు మొగం చూసి అడుగుతావక్కా. మా పనిలో కండ్లు దారం మీదనే గదా, ఎవురూ ఎవురి మొగమూ చూడరు. బిడ్డకి అది సుళువు.”

ఆడి నెల్లో పాప తనతో మాట్లాడిందన్న ఆమె మాటతో బీమా డబ్బు వచ్చి చికిత్స నిలబడుతుందని నాకు ఆ క్షణమే తెలుసు. అయినా రెండు రోజులు కలం ముట్టలేదు. పదిహేనులో రెండు. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు పొద్దున మునెమ్మ ఉతికిన చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. “పద, డాక్టరమ్మ కాడికి. నాకు చదువు లేదు, నోరుండాది గదా.” బస్సులో ఆమె పక్కన కూర్చుని వేలూరు దాకా దారిలోని ఊళ్ళు లెక్కపెట్టాను. పాపకు వైద్యం చేస్తున్న డాక్టరమ్మ మునెమ్మ చెప్పిందంతా వింది, పాపను విడిగా అడిగింది, ఆ ఏడాది బడి రికార్డులు తెప్పించి చూసింది. చివరికి నా వైపు తిరిగి, “పాప ఎవరితో మాట్లాడలేదని మీరు రాసుకున్నారు?” అని అడిగింది.

“నాతో,” అన్నాను.

జబ్బు మొదలైంది ఆవణిలోనని, అంతకుముందు దాని లక్షణాలేవీ లేవని ఆమె రాసిచ్చింది. దానికి జతగా నేను రాయవలసిన వాక్యాలు రెండే. అది జబ్బు మొదలైన రోజు కాదు, నా మనవరాలు నాతో మాట్లాడటం తగ్గించిన రోజు. పక్కింట్లో పాప రోజూ మాట్లాడేది. ఆ రెండు వాక్యాలకు ఒక పగలంతా పట్టింది. మునెమ్మ కింద వేలిముద్ర వేసి, “నీ రాత ముత్యాల మాదిరి ఉండాదక్కా,” అంది. కొట్టాలనిపించింది.

విన్నపం పంపిన నలభై ఒకటో రోజున కంపెనీ ఒప్పుకుంది. చికిత్స ఆగలేదు.

భారతి ఇప్పుడు వేలూరులో కాలేజీ చదువుతోంది. మునెమ్మ పోయిన రోజు నా ఒళ్ళో ఏడ్చింది. ఆ ఏడుపు కూడా ఆమె కోసమే. ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. నిద్రపోయావా, తిన్నావా, మందు వేసుకున్నావా అన్నీ నాలుక చివరిదాకా వస్తాయి. మింగేస్తాను. మునెమ్మ ఎంతసేపు ఊరుకోగలిగేదో, అంతకంటే ఒక నిమిషం ఎక్కువ ఊరుకోవాలని నాకు పంతం. మొన్న ఆదివారం నాలుగు నిమిషాలు పట్టింది.

“అవ్వా, ఈ వారం మళ్ళీ భయమేసింది,” అని పాప తానే మొదలుపెట్టింది.

ఏ రోజని నేను అడగలేదు.