నేను తిప్పి చెప్పిన మాట

డెబ్బైల చివర్లో అరకు దగ్గర ఒక కొండ మీది ఆరోగ్య ఉపకేంద్రంలో నేను నర్సుని. రెండు గదుల పెంకుటిల్లు, ఒక బల్ల, మలేరియా మాత్రల డబ్బాలు, పురుళ్లకి కావలసిన నాలుగు సామాన్లు. మాది విజయనగరం వైపు పల్లె. వచ్చిన కొత్తలో కొండవాళ్ల మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. నాకు ఆ భాష నేర్పింది పక్క గుడిసెలో ఉండే పెద్దావిడ. ఆమెను అత్తా అని పిలిచేదాన్ని. చోడి అంబలి పోస్తూ, ఇదేమిటి, అదేమిటి అని చంటిపిల్లకి నేర్పినట్టు నేర్పింది. రెండేళ్లు తిరిగేసరికి నొప్పులు పడే ఆడవాళ్లను ఆ భాషలోనే కసిరేదాన్ని, ఆ భాషలోనే బుజ్జగించేదాన్ని.

ఆ ఏడు ఆరోగ్య కేంద్రాలను సంస్కరిస్తున్నారని కబురొచ్చింది. కొండల మీది చిన్న కేంద్రాలు మూసేసి, కింద తారురోడ్డు పక్కన ఒకే పెద్ద ఆసుపత్రి కడతారట. దానికి ఊళ్లవాళ్ల సమ్మతి కావాలి. డాక్టరుగారు వచ్చి, టైపు చేసిన కాగితాలూ స్టాంపు ప్యాడూ నా చేతిలో పెట్టారు.

"మాత్రల కోసం వచ్చినప్పుడు వేలిముద్రలు తీసేసుకోమ్మా."

"ఇందులో ఏముందో వాళ్లకి చెప్పాలి కదండీ?"

"అవన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే తెమలదు. మందుల కోసమని చెప్పు. నీ పర్మనెంటు కాగితం నా బల్లమీదే ఉంది, మర్చిపోకు."

మందుల కోసమనే చెప్పాను. అందరికంటే ముందు వేలు చాపింది అత్తే. ఆమెను చూసి మిగిలినవాళ్లు వచ్చారు.

కొన్నాళ్లకి ఈ సంగతి మీద రాజకీయంగా పెద్ద గొడవ లేచింది. జనానికి చెప్పకుండా గుట్టుగా చేస్తున్నారని ప్రతిపక్షం, ఏదీ దాచలేదని అధికారపక్షం. జనం ముందే తేల్చుకుంటామని రెండు పక్షాల నాయకులూ మా కొండ కిందకి వచ్చారు. సంత జరిగే చోట షామియానా వేశారు, మైకు పెట్టారు. వాళ్లు కుర్చీల్లో, కొండవాళ్లు గడ్డిలో. మాట తిప్పి చెప్పడానికి నన్ను మైకు పక్కన నిలబెట్టారు.

రెండు గంటలు వాదించుకున్నారు. ప్రతిపక్ష నాయకుడు బల్ల గుద్ది, "ప్రజల ఆరోగ్యం విషయంలో ప్రజలకు తెలియకుండా ఒక్క అక్షరం రాయడానికి వీల్లేదు!" అన్నాడు. అధికారపక్షం ఆయన లేచి, "ఇవిగో, అన్నీ తెలిసి వేసిన వేలిముద్రలు!" అని ఆ కాగితాలు పైకెత్తాడు. ఇదంతా తెలుగులోనే. తమ మాటలు ఎదురుగా కూర్చున్నవాళ్లకి చెప్పమని ఇద్దరిలో ఒక్కరూ నాతో అనలేదు. నాకై నేనూ నోరు తెరవలేదు.

చివరికి ప్రతిపక్ష నాయకుడికి గుర్తొచ్చింది. "వాళ్లలో ఎవరినైనా మాట్లాడమను" అన్నాడు. అత్త లేచింది. ఆమె అడిగింది నన్ను, వాళ్లను కాదు. తన భాషలో అడిగిన ఆ మాటను మా ఊరి తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: "ఆ కాయితాలు మనయే కదే గుంటా? మందుల కోసమన్నావు. ఈళ్లెందుకు కొట్టుకుంతన్నారు? ఏటి రాసుంది అందులో?"

డాక్టరుగారు నా వెనకే నిలబడి ఉన్నారు.

"ఏమంటోంది?" అన్నాడు నాయకుడు.

"మందులు బాగా పనిచేస్తున్నాయంటోంది" అన్నాను.

చప్పట్లు కొట్టారు. అత్త మాత్రం నా జవాబు కోసం ఇంకా నిలబడే ఉంది. "తరవాత చెప్తాను, కూర్చో అత్తా" అన్నాను ఆమె భాషలో. కూర్చుంది.

చెప్పలేదు. వానలు పడకముందే కేంద్రానికి తాళం వేయించి, పర్మనెంటు కాగితంతో నన్ను కిందకి పంపారు. పెద్ద ఆసుపత్రి అప్పటికి పునాదులు కూడా దాటలేదు. అందాకా రోగుల్ని చూడటానికి మాకు ఒక అద్దెగది ఇచ్చారు. శ్రావణంలో అత్త కోడలిని పురుటినొప్పులతో డోలీలో తెచ్చారు. గెడ్డ పొంగి, పూటంతా అవతలి గట్టునే ఆగిపోయారట. నా దగ్గరకి చేరేసరికి ఆమె ఒళ్లు చల్లబడిపోయింది. కడుపులో బిడ్డా దక్కలేదు.

అత్త ఏడవలేదు. "కొండ ఎందుకు దిగిపోయావే?" అంది. అప్పుడు చెప్పాను, కాగితంలో ఏముందో, మైకులో నేనేమన్నానో. ఆఖరిదాకా విన్నది. కోడలి ముఖం మీద గుడ్డ సర్ది, డోలీ లేపమని మగవాళ్లకి సైగ చేసింది.

ఆ తరవాతి ఎన్నికల్లో ప్రతిపక్షం గెలిచింది. నేను సెలవు పెట్టి, విశాఖపట్నం వెళ్లి, ఆరోజు బల్ల గుద్దిన నాయకుణ్ణే కలిశాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు.

"ఆ ఆసుపత్రి ఇప్పుడు కడుతున్నది మనమే. ఇప్పుడది తవ్వితే చెడ్డపేరు మన ప్రభుత్వానికేనమ్మా. నీ ఉద్యోగానికీ ముప్పు. మర్చిపో" అని టీ తెప్పించాడు. నేను ఆ టీ తాగాను. తాగి, దండం పెట్టి వచ్చేశాను.

సంతలో అత్త చాలాసార్లు ఎదురుపడేది. చింతపండు గంప నెత్తిన పెట్టుకుని, నన్ను చూడనట్టే సాగిపోయేది. కొన్నేళ్లకి, ఆసుపత్రి కట్టడం పూర్తయ్యాక, జ్వరంతో వచ్చింది. కొత్త డాక్టరుకి ఆమె మాట అందలేదు. నన్ను పిలిచాడు. నేను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను.

"నువ్వొద్దు" అంది అత్త. తెలుగులోనే అంది. నొప్పి ఎక్కడో వేలితో చూపిస్తూ, వచ్చీరాని తెలుగు ముక్కలు ఒక్కొక్కటే వెతుక్కుంటూ, డాక్టరుకి తనే చెప్పుకుంది.