ఫ్యాన్ రెక్క మీద పేరు

మా బందరు స్కూల్లో ఫ్యాన్లన్నీ దాతలిచ్చినవే. రెక్కల మీద వాళ్ల పేర్లుండేవి. కొత్త గదులకి చందా ఇచ్చేవాళ్లెవరైనా వస్తే, ఎంత ఉక్కపోతలోనైనా మా కరస్పాండెంట్ గారు లేచి ఫ్యాన్ ఆపేసేవారు. తిరుగుతుంటే పేరు కనబడదని ఆయన బాధ.

ఒకసారి గుడివాడ నుంచి చేపల చెరువుల ఆసామి ఒకాయన వచ్చారు. ఓ పేదపిల్ల ఫీజు పదో తరగతి దాకా కడతానన్నారు.

"యానివర్సరీ రోజున ఆ పిల్లని స్టేజీ ఎక్కించి నా పేరు చెప్పించండి" అన్నారు.

కరస్పాండెంట్ గారు అలవాటుగా ఫ్యాన్ ఆపి, రెక్క చూపించారు.

"పేరు దీనిమీద రాయిస్తామండీ. పిల్ల మీద రాయలేం కదండీ."

ఆసామి కాసేపు చెమట తుడుచుకున్నారు.

"సరేలెండి, కడతాను. ముందు ఫ్యాన్ వెయ్యండి."

ఆ పిల్ల ఎవరో, అక్కడే పాఠాలు చెప్పిన నాకు ఇప్పటికీ తెలియదు.