తాతయ్య సంగీతం నేర్చుకున్న ఏడాది

మొన్న గురుగ్రామ్‌లోని మా ఆఫీసులో రక్తపరీక్షల శిబిరం పెట్టారు. నర్సు నా మోచేతి మడతలో స్పిరిట్ దూదితో తుడవగానే ఆ చల్లదనానికీ ఆ వాసనకీ నాకు నవ్వొచ్చింది. సూదిని చూసి నవ్వేవాళ్ళు ఆమెకు కొత్తేమో, వింతగా చూసింది. నాకది ఆసుపత్రి వాసన కాదు. మా తాతయ్య చొక్కా వాసన.

తాతయ్య పేరు దేవదానం, మా అమ్మకు నాన్న. రేపల్లె వైపు నుంచి ఇరవై ఏళ్ళ వయసులో ఢిల్లీ వచ్చి, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు నర్సుగా చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాడు. హిందీ ఆయనకు రోగుల మంచాల పక్కనే వచ్చింది. అందుకే నొప్పులకు సంబంధించిన మాటలన్నీ వచ్చు, బజారు మాటలు రావు. కరోల్ బాగ్‌లో చెప్పుల కొట్టుకు వెళ్ళినా ముందు "క్యా తక్లీఫ్ హై, భయ్యా?" అని ఏం బాధో అడిగేవాడట. కొట్టతను నిజంగానే తన నడుంనొప్పి సంగతి ఎత్తుకుంటే, అంతా విని, ఏ నూనె రాయాలో చెప్పి, చెప్పులు కొనడం మరిచిపోయి ఇంటికొచ్చేవాడు. ఆంధ్ర నుంచి వైద్యానికి వచ్చి భాష తెలియక తికమకపడే కుటుంబాలను డ్యూటీ దిగగానే వెంటబెట్టుకుని క్వార్టర్‌కు తెచ్చేవాడు. అమ్మమ్మ కరుణమ్మ, వాళ్ళెవరు, ఏమిటి అని అడక్కుండా ఎసట్లో ఇంకాస్త బియ్యం పోసేది. తాతయ్య నలభై దాటాక దూరవిద్యలో బీఏ కట్టి, మా అమ్మతో పాటు అదే ఏడాది పరీక్షలు రాశాడు. అమ్మకు తనకంటే ఎక్కువ మార్కులు వచ్చాయని వార్డంతా మిఠాయి పంచాడు.

అన్నీ నేర్చుకున్న మనిషికి సంగీతం మాత్రం ఆమడ దూరం. తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మమ్మ. వెనక బెంచీ నుంచి తాతయ్య గొంతు కలిపాడంటే పాట ఎటో వెళ్ళిపోయేది. "మీరు పెదాలు కదిపితే చాలండీ, దేవుడికి వినబడుతుంది" అనేదావిడ. ఆయన ఇంకాస్త గట్టిగా పాడేవాడు.

నేను ధౌలా కువాన్ దగ్గర కాలేజీలో చేరినప్పుడు ఢిల్లీ ద్వారకలో తాతయ్య వాళ్ళ ఫ్లాటులోనే ఉండేదాన్ని. వాళ్ళు తెలుగులో అడిగితే నేను హిందీలో జవాబు చెప్పేదాన్ని. తెలుగు అర్థమయ్యేది గానీ నోరు తిరిగేది కాదు. ఆ రోజుల్లోనే ఒక ఉదయం అమ్మమ్మ చేతిలోంచి టీ గ్లాసు జారిపోయింది. మూతి ఒక పక్కకు లాగింది. తాతయ్య ఒక్క చూపు చూసి, "అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యి అమ్మడూ, కంగారుపడకు" అన్నాడు. ఆయన వెంటనే గుర్తుపట్టబట్టి ప్రాణం దక్కింది. కుడి చెయ్యి వాలిపోయింది. మాట పూర్తిగా పోయింది. ఏదో చెప్పబోయి, అది రాక, ఆవిడ గోడ వైపు తిరిగి పడుకునేది.

మాట మళ్ళీ నేర్పే డాక్టరమ్మ ఇలా చెప్పింది: "మాట పోయినా కొందరికి పాట మిగులుతుంది. ఆవిడకు బాగా వచ్చిన పాటలు మీరు పక్కన కూర్చుని పాడండి." వార్డులో ఎన్ని చూసినా చెదరని తాతయ్య ముఖం అప్పుడు పాలిపోయింది. ముందు ఫోనులో కీర్తనలు పెట్టి చూశాం. అమ్మమ్మ కళ్ళు మూసుకుని వినేది, అంతే.

మా కింది అంతస్తులో ఒకమ్మాయి పిల్లలకు కీబోర్డు నేర్పేది. అందరూ ఆమెను దీదీ అనేవాళ్ళు. తాతయ్య ఆమె తలుపు తట్టాడు.

"అచ్ఛా అంకుల్, ఎవరిని చేరుస్తున్నారు?" అందామె హిందీలో.

"నన్ను."

"ఇంతకుముందు ఏమైనా వచ్చా?"

"తప్పుగా పాడటం బాగా వచ్చు."

మర్నాటి నుంచి ఒకటో తరగతి పిల్లల మధ్య చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ముందు పళ్ళు ఊడిన ఓ పిల్ల ఆయన వేలు పట్టుకుని, "యే నహీ అంకుల్, యే వాలా" అంటూ సరైన మెట్టు మీద పెట్టేది. ఆయన ఆ పిల్లకు ఎంతో వినయంగా థాంక్స్ చెప్పేవాడు.

కొన్ని వారాల తర్వాత ఒక సాయంత్రం కీబోర్డు ఒళ్ళో పెట్టుకుని, అమ్మమ్మకు ఇష్టమైన కీర్తన మొదలుపెట్టాడు. మొదటి చరణం ఎలాగో గట్టెక్కాడు. రెండో చరణంలో ఎప్పటిలాగే పాట చెయ్యి జారింది. అమ్మమ్మ ముఖం చిట్లించింది. ఎడమ చేతితో ఆయన మోకాలి మీద ఠపీమని కొట్టింది. తర్వాత, నా చెవులను నేనే నమ్మలేకపోయాను, ఆ వరుసను సరిగ్గా, బొంగురు గొంతుతో, మాటలతో సహా పాడింది. ఆయన ఆ ఆనందంలో మరింత తప్పుగా పాడబోతే, "ఆపండి!" అంది.

తాతయ్య కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. "మళ్ళీ అను కరుణా, మళ్ళీ తిట్టు."

"కావాలనే తప్పు పాడావా తాతయ్యా?" అని తర్వాత హిందీలో అడిగాను. "అంత తెలివే ఉంటే పాటే సరిగ్గా వచ్చును కదే" అన్నాడు.

అమ్మమ్మకు మాటలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. అన్నీ తెలుగు మాటలే. ఇన్నేళ్ళ ఢిల్లీ కాపురంలో వచ్చిన హిందీ మాత్రం పోయింది, మళ్ళీ రాలేదు. నేను హిందీలో పలకరిస్తే నా ముఖంలోకి బెంగగా చూసేది. మనవరాలి మాట ఆవిడకు ఇక అందదని నాకు ఏడుపొచ్చింది. తాతయ్య పలక కొనుక్కొచ్చాడు. "రా, ఆవిడ ముందు నేను పాడి తప్పుతా, నువ్వు మాట్లాడి తప్పు" అన్నాడు. పందొమ్మిదేళ్ళకు నేను అ, ఆలు దిద్దాను. నా మొదటి పూర్తి వాక్యం, "అమ్మమ్మ అన్నం తిన్నాడా?" ఆవిడ పడీపడీ నవ్వి, "తిన్నాడు, తిన్నాడు" అంది, నా తప్పును ఆనందంగా తనమీదికి తీసుకుని.

అమ్మమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆవిడ వెళ్ళిన కొన్నాళ్ళకు, తొంభైకి దగ్గర పడుతూ, తాతయ్య నిద్రలోనే వెళ్ళిపోయాడు. అప్పటికీ కింది అంతస్తు క్లాసు మానలేదు. ఆయన దగ్గర్నుంచి నేను తెచ్చుకున్నది ఒకటే: రానిదాన్ని నలుగురిలో కూర్చుని నేర్చుకోవడానికి నాకు సిగ్గు లేదు. ఆఫీసులో కొత్త పని వస్తే, నాకంటే చిన్నవాళ్ళ గదిలో మొదటి ప్రశ్న నాదే. తెలుగులో రాయడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఇది రాసి అమ్మకిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను తీసి, మొదటి వాక్యం దగ్గరే ఆగింది. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని హాయిగా కూర్చున్నాను.